రెండు పలకల ఆపరేషన్

"గీత తెల్లగా పడుతుందా?"

మార్కాపురంలో పలకలు కోసే మిషన్ రొద మధ్య, ఒళ్ళంతా రాతిపొడి కప్పుకున్న వ్యాపారి అడిగాడు.

"పడుతుంది. తుడిస్తే పోతుంది," అన్నాడు ఏజెంట్ మాలకొండయ్య.

కోడ్ కుదిరింది. వ్యాపారి వేషంలో ఉన్నది చీఫ్.

"గిద్దలూరు రోడ్డులో ల్యాబ్. ఆడ ఎలుకలకు మేతలో పొగాకు కలిపి పెట్టినారు, కాన్పుల మీద ఏం దెబ్బ పడతాదో చూసేదానికి. రిజల్ట్ ఈ రోజే. లైవ్ టెలికాస్ట్. ఒక విదేశీ ముఠా ఆడోళ్ళకని పొగాకుపొడి ప్యాకెట్ మార్కెట్‌లోకి దించుతా ఉంది. రిజల్ట్ తారుమారు చేసి, కడుపుతో ఉన్నోళ్ళకూ సేఫ్ అనిపించాలని వాళ్ళ ప్లాన్."

"లోపల మనోళ్ళు?"

"డాక్టర్ లీదియా. మన ఏజెంటే. ఆ పక్క కూడా పనిచేస్తుందని అనుమానం." చీఫ్ గొంతు తగ్గించాడు. "ఈ పని నీకు ఇయ్యకూడదనుకున్నా, మాలకొండయ్యా."

"ఇచ్చినారు గదా సార్."

మాలకొండయ్య భార్య సుచరితది హనుమంతునిపాడు. పంటినొప్పికని చిన్నప్పుడు అలవాటైన పొగాకు కాడ ఆమె బుగ్గలోంచి ఏనాడూ పోలేదు. కడుపు నిలిచేది కాదు. చివరిసారి బిడ్డతోపాటు తనూ వెళ్ళిపోయింది. అంతకుముందు రోజు కూడా పాత చీర ముక్కలు ఉతికి, మెత్తగా మడతపెట్టి, మంచం పక్కన పేర్చుకుంది.

ల్యాబ్‌లోకి అతను బోనులు కడిగే ముసలివాడిగా వెళ్ళాడు. తలకు తెల్లరంగు, కళ్ళజోడులో కెమెరా. ముఠా నాయకుడు హ్యూగో సూటులో మెరుస్తున్నాడు. పక్కన లీదియా. నల్లచీర, ముత్యాల దుద్దులు, ఎవరూ తిరిగి చూడకుండా ఉండలేని అందం.

నల్లగుడ్డ తొలగించారు. ఎలుకల బోనులు పేర్చిన రెండు ర్యాకులు, ఒక్కోదానికి వేలాడే పలక. 'పొగాకు మేత' పలక ఉన్న ర్యాకులో గులాబీరంగు పిల్లలు తల్లుల పొట్టల కింద కుమ్ములాడుతున్నాయి. 'మామూలు మేత' ర్యాకులో ఒక్క పిల్లా లేదు, అంతా నిశ్శబ్దం.

"సీ? నో ప్రాబ్లమ్!" అన్నాడు హ్యూగో. ప్యాకెట్‌కు అనుమతిచ్చే కమిటీ ఛైర్మన్ మైకు అందుకున్నాడు.

పలకలు మారాయి. మాలకొండయ్యకు అర్థమైంది. కానీ రుజువేదీ? అవి గుడ్డ కిందే మారాయి; అతని కెమెరాకు చిక్కలేదు.

అప్పుడే చూశాడతను. నిశ్శబ్దపు ర్యాకులో ఒక ఎలుక కాగితం పీలికలు ఒక్కొక్కటే నోట కరిచి తెచ్చి, మధ్యలో ఏమీలేని చోటు చుట్టూ సర్దుతోంది. మళ్ళీ సర్దుతోంది. పీలికలు కొత్తవి. ఆ ఒక్క ర్యాకులోనే, ప్రతి బోనులోనూ, ఎవరో గుప్పిళ్ళతో వేశారు.

బకెట్‌తో లీదియా పక్కకు చేరాడు. "ఈ కాగితాలు నువ్వే యేసినావు గదమ్మా?"

"నీ పని చూసుకో, తాతా."

"చచ్చిన పిల్లల్ని తీసిందీ నువ్వే. తీసినాక చెయ్యి ఆగక, తల్లులకు ఇవి యేసినావు. నా భార్యకు ఆ మాత్రం చేసినోళ్ళు కూడా లేరమ్మా. చీర ముక్కలు తనే ఉతుక్కునింది."

లీదియా అతని వైపు చూడలేదు. ఆ ఎలుక వైపు చూసింది.

"ఈ పొగాకుపొడి గర్భిణులకు పూర్తిగా..." ఛైర్మన్ చదువుతున్నాడు.

"ఆపండి!" లీదియా కెమెరాల ముందే రెండు పలకలూ లాగి తారుమారు చేసి తగిలించింది. "మార్చింది నేనే. పొగాకు తిన్న తల్లుల పిల్లలన్నీ చచ్చే పుట్టినాయి. ఫ్రీజర్‌లో ఉండాయి, పోయి చూడండి."

హ్యూగో తలుపువైపు దూకాడు. అక్కడ రాతిపొడి వ్యాపారి పిస్టల్‌తో నిలబడి ఉన్నాడు.

లీదియాకు బేడీలు వేశారు. మాలకొండయ్య ఒక గ్లాసు మంచినీళ్ళు తెచ్చి ఆమె నోటికి అందించాడు. ఆమె తాగింది.

జీపులో చీఫ్ అడిగాడు: "ఒంటరిగా ఎన్నాళ్ళు పనిచేస్తావు? కొత్త పార్ట్‌నర్‌ని ఇయ్యమంటావా?"

మాలకొండయ్య ఒళ్ళోని బోనులోకి, ఆ ఎలుక ముందుకి, ఇంకొన్ని పీలికలు జారవిడిచాడు.

"దొరికింది సార్. టార్చరంతా అయిపోయింది. ఒక్క ముక్క బయటపెట్టలేదు."