హెబ్రోను కంచం

“అక్కా, మా ఆయనకి ఆ కంచంలో పెట్టొద్దని నిన్న కూడా చెప్పినా గదా!”

షారన్ అట్లకాడ చేతిలో పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఆనందకుమారి వినిపించుకోలేదు. అంచు మీద చుక్కలు చుక్కలుగా ‘హెబ్రోను’ అని చెక్కిన స్టీలు కంచాన్ని కొంగుతో తుడిచి, మూడు దోసెలు వేసి, పక్కన పచ్చడి వడ్డించింది.

“ఇంట్లో పది కంచాలుండాయి. దీంట్లోనే పెట్టాల్నా?”

“మిగతావి తోమలేదు.”

“తోమలేదా? రాత్రి నేనే తోమి బోర్లించినా!”

“అయితే సరిగ్గా తోమలా. అంచుకి జిడ్డుంది, చూసుకో.”

వసారాలో నులకమంచం మీద నుంచి అత్త ఎస్తేరమ్మ కేకేసింది. “పొద్దున్నే ఏందమ్మే మీ గోల? కంచం కోసం కొట్లాడుకుంటారా ఎవురన్నా?”

షారన్ మొగుడు మాథ్యూ పీట మీద కూర్చుని కంచం దగ్గరికి లాక్కున్నాడు.

“ప్రార్థన చేసుకో మాథ్యూ” అంది ఆనందకుమారి మెత్తగా.

తినబోయే ముందు ఇంట్లో పెద్ద మగాడు ప్రార్థన చెయ్యడం ఆ ఇంటి అలవాటు. మాథ్యూ అన్న, ఆనందకుమారి మొగుడు హెబ్రోను ఉన్నన్నాళ్ళూ అతనే చేసేవాడు. ఇప్పుడది తమ్ముడి మీద పడింది. మాథ్యూ కళ్ళు మూసుకున్నాడు. ‘నీవు దయచేసిన ఈ ఆహారం’ దాకా వచ్చి, ఎప్పటిలాగే అక్కడే ఆగిపోయాడు. ఆనందకుమారి కళ్ళు మూసుకోలేదు. దాదాపు ఏడాదిగా పూటపూటా ఆమె ఈ ఒక్క దృశ్యాన్నే ఆకలి తీరా చూస్తోంది.

హెబ్రోను పోయింది రొయ్యల గుంటలో. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటరుకి నాచు చుట్టుకుంటే, దాన్ని ఆపి, తెల్లవారకముందే గుంటలో దిగాడు. పక్క ఏరేటరు వైరు కోసుకుపోయి నీళ్ళలో పడి ఉందని అతనికి తెలియదు. కరెంటు ఎక్కడ నీళ్ళలోకి దిగినా ఆ క్షణమే సప్లై ఆపేసే ట్రిప్పర్ షెడ్డులో ఉంది. అది పని చెయ్యలేదు. పాతబడి ఉంటుందిలే అన్నారు చూడవచ్చిన వాళ్ళు.

మూడో నాడు, మేకుకి వేలాడుతున్న అతని చొక్కా కోసం షెడ్డుకి వెళ్ళిన ఆనందకుమారికి విషయం అర్థమైంది. ట్రిప్పర్‌ని దాటేస్తూ జానెడు రాగి తీగ కట్టి ఉంది. వానాకాలం ట్రిప్పర్ మాటిమాటికీ పడిపోతే ఏరేటర్లు ఆగి రొయ్య చస్తుందని అల్లూరు చుట్టుపక్కల చాలామంది చేసే పనే అది. దాన్ని ‘డైరెక్ట్ చెయ్యడం’ అంటారు. ఆ రాత్రి షెడ్డులో కాపలా పడుకున్నది మాథ్యూ.

ఆమె మెయిన్ స్విచ్చు ఆపి, తీగ ఊడదీసి, కొంగులో ముడేసుకుని వచ్చేసింది. మర్నాడు షెడ్డులోంచి బయటికొచ్చిన మాథ్యూ మొహం చూసింది. తీగ కోసం వెళ్ళాడు. అది లేదు. ఎవరికో తెలిసిపోయింది, ఆ ఎవరో ఎవరన్నది మాత్రం అతనికి తెలియదు. అలాగే ఉండనీ అనుకుంది. కేకలు వెయ్యడం, జుట్టు పట్టుకోవడం అందరూ చేసేదే. ఆమె గూట్లోంచి హెబ్రోను కంచం దించి మాథ్యూ ముందు పెట్టింది.

ఈ ఆదివారమే హెబ్రోను ఏడాది ప్రార్థన కూడిక. చర్చి సంఘమంతా వస్తుంది. లేచి నిలబడి, బైబిలు సంచిలో దాచిన ఆ తీగని అందరి ముందూ పైకెత్తి చూపించాలని ఆమె నిర్ణయం. చెప్పవలసిన నాలుగు మాటలూ ఎప్పుడో తయారుగా ఉన్నాయి.

ఆమె గుంట మీదికి వెళ్ళడం మొదలుపెట్టింది కూడా మాథ్యూ కళ్ళ ముందు మెదులుతూ ఉండటానికే. కానీ వెళ్ళగా వెళ్ళగా చేతులకి పని పట్టుబడింది. మేత తట్టని తాడుతో పైకి లాగడం, రొయ్యని వెలుగుకి ఎత్తిపట్టి పేగు నిండిందో లేదో చూడటం, నీళ్ళ రంగు బట్టి మేత తగ్గించడం అన్నీ వచ్చేశాయి. ఒకనాడు గట్టు మీద నడుస్తూ తను కూనిరాగం తీస్తున్నానని గమనించి, ఎవరో చూసినట్టు సిగ్గుపడి ఆపేసింది.

ఆ శుక్రవారం దోసెల గొడవ తర్వాత ఆమె గుంట దగ్గరికి చేరేసరికి వాన అందుకుంది. సముద్రం వైపు నుంచి మబ్బు దిగింది. నాలుగు ఏరేటర్లూ ఒక్కసారిగా ఆగిపోయాయి. మాథ్యూ షెడ్డులో స్విచ్చుల పెట్టె ముందు నిలబడి ఉన్నాడు. ట్రిప్పర్ పడింది. పైకెత్తాడు, మళ్ళీ పడింది.

“డైరెక్ట్ చెయ్యవా మాథ్యూ?”

అతను వెనక్కి తిరిగాడు. “వదినా...”

“జానెడు తీగ చాలు గదా. కావాలంటే నా దగ్గరుంది, తెచ్చిస్తా.”

మాథ్యూ గోడకి ఆనుకుని నెమ్మదిగా కిందికి జారాడు. “నువ్వా? సంవత్సరం నుంచీ ఎవురి మొహం చూసినా వీళ్ళకి తెలుసేమోననే బతికినా. నువ్వని తెలిసుంటే ఎప్పుడో నీ కాళ్ళ మీద పడుండే వాడిని.”

“అందుకే చెప్పలా. పడి, లేచి, దులుపుకోని పోతావని. లెయ్. ముందు దీని సంగతి చూడు. రొయ్యలేం చేసినాయి పాపం?”

ఆమె తిరగేసిన బకెట్టు మీద కూర్చుని మణికట్టు వైపు చూసుకుంది. అది హెబ్రోను వాచీ. మాథ్యూ మెయిన్ ఆపి ఒక్కో ఏరేటరు లైను విడిగా తీసి, ఒకటొకటే కలిపి చూశాడు. మూడోదానికి ట్రిప్పర్ పడింది. దాని అతుకులో నీళ్ళు చేరాయి. దాన్ని పక్కన పెట్టి మెయిన్ వేస్తే మిగతా మూడూ తిరిగాయి.

“ఇరవై రెండు నిమిషాలు” అంది ఆనందకుమారి. “ఆ రాత్రి ఇరవై రెండు నిమిషాల నిద్ర కోసం మీ అన్నని పంపించేసినావు.”

“అవును వదినా.”

“ఇంకేం చెప్పుకోవా?”

“ఏం చెప్పేది? కట్టింది నేను. పొద్దున లేచి చెప్దాంలే అనుకుంది నేను. అన్న నాకంటే ముందు లేచినాడు.”

ఆమె ఇంకో మాట కోసం కాచుకుని కూర్చుంది. ఆ మాట రాలేదు.

ఏడాది కిందట ఆ రాత్రి అన్నాల దగ్గర ఉండగా మూడుసార్లు ట్రిప్పర్ పడి ఏరేటర్ల చప్పుడు ఆగిపోయింది. మూడుసార్లూ అన్నదమ్ములు ఎంగిలి చేతులతో గుంట దగ్గరికి పరుగెత్తారు. పులుసు చల్లారిపోయిందని విసుక్కుని గరిటె కింద పడేసింది ఆనందకుమారే. “అందరూ డైరెక్ట్ చేసుకోలా? మీ అన్న చాదస్తం వినబాక మాథ్యూ, నువ్వన్నా ఒక తీగ కట్టి పారెయ్” అంది. హెబ్రోను నవ్వి, వద్దన్నాడు.

ఆ మాటని ఆమె ఏడాదిగా ఎక్కడో అడుగున తొక్కిపెట్టి, దాని మీద కంచం బోర్లించింది. మాథ్యూ ఏ పూటైనా దాన్ని తీసి ఆమె మొహాన కొట్టి ఉండవచ్చు. అన్న పేరున్న కంచంలో పూటపూటా తిన్నాడు తప్ప నోరెత్తలేదు.

“ఆ రాత్రి నేనన్న మాట గుర్తుందా?”

“ఏ మాట?” అంటూ అతను గుంట వైపు తిరిగాడు. అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు.

ఆమె లేచి బయట వానలోకి నడిచింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. వానలో ఎలాగూ తెలియదు. ఈ ఏడాదిలో ఆమె తన కోసం ఏడవడం అదే మొదటిసారి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ కంచం ఆనందకుమారి ముందుంది. షారన్ చూసి, మొగుడికి వేరే కంచం పెట్టింది. మాథ్యూ కళ్ళు మూసుకోబోతుంటే ఆనందకుమారి ఆపింది.

“ఈ పూట ప్రార్థన నేను చేస్తా. ముందు ఒక సంగతుంది అత్తమ్మా.”

రాగి తీగని తీసి ఖాళీ కంచంలో పెట్టింది. అది టంగుమంది. ఎవరు కట్టారో, ఎవరు కట్టమన్నారో, ఏదీ మిగల్చకుండా చెప్పింది. మాథ్యూ తల దించుకుని కూర్చున్నాడు. షారన్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎస్తేరమ్మ తీగ తీసుకుని అరచేతిలో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇంతేనా?” అంది. “నా బిడ్డని తీసకపోయింది ఇంత తీగేనా?”

ముసలామె ఆ తీగని కంచంలో పెట్టలేదు, పిడికిట్లోనే ఉంచుకుంది. రెండో చెయ్యి చాపి చిన్న కొడుకు వీపు మీద గట్టిగా ఒక్కటి చరిచింది. ఆ చెయ్యి మళ్ళీ వెనక్కి తీసుకోలేదు. అక్కడే ఉండిపోయింది.

“ఎల్లుండి కూడికలో మాథ్యూ లేచి ఇదంతా చెప్తాడు” అంది ఆనందకుమారి. “పక్కన నేను నిలబడి నా మాట నేను చెప్తా.”

“అందరి ముందరా?” అంది షారన్. “రేపు తలెత్తుకోని ఎట్టా తిరుగుతాం అక్కా?”

“కొన్నాళ్ళు తిరగలేంలే. ఆ వచ్చేవాళ్ళల్లో పదిమందికి గుంటలుండాయి షారన్. వాళ్ళ షెడ్లల్లో కూడా ఇట్టాటి తీగలుండాయి. కూడిక అయినాక మాథ్యూ ఇంటింటికీ పొయ్యి అవన్నీ ఊడపీకిస్తాడు. నేనూ వెంట పోతా.” మరిది వైపు తిరిగింది. “క్షమించేసినాననుకోబాక మాథ్యూ. నిన్నూ క్షమించలా, నన్నూ క్షమించుకోలా. అది ఎప్పుడొస్తుందో నాకు తెలీదు. ఈలోపల గుంట నేను చూస్తా. షెడ్డు తాళంచెవి నా దగ్గరుంటుంది. నీళ్ళల్లోకి ఎవురు దిగాలన్నా మెయిన్ ఆపేది నేను. ఈ కంచంలో తినేది కూడా ఇక నేనే.”

ఆమె కళ్ళు మూసుకుంది. చాలా నెలల తర్వాత ఆ ఇంట్లో ప్రార్థన చివరి మాట దాకా వెళ్ళింది.