చిలుకమ్మ రెండు క్యాసెట్ల సెట్టు

వరంగల్ కొత్తవాడలో యాకయ్య షెడ్డున్న సందులోకి చీకటి పడ్డాక ఎవరూ పోరు. ఆటోవాళ్లు కూడా మలుపు దగ్గరే దింపేసి, "ఇక్కడికెల్లి నడుసుకుంట పోండ్రి" అంటారు.

జంపఖానాలు నేసే యాకయ్య పోయి పదకొండేళ్లు. ఆనాటి నుంచి షెడ్డు తలుపుకు తాళం. తాళం తుప్పు పట్టింది గాని ఎవరూ తీసింది లేదు. అయినా రాత్రయితే లోపల మగ్గం ఆడుతుంది... టక్... ధబ్... టక్... ధబ్... దాని వెనకే మగగొంతు పాట.

ధైర్యం చేసి తలుపు సందులోంచి తొంగి చూసినవాళ్లకు ఒక ఎర్రటి కన్ను కనిపించిందట. రెప్ప వేయని కన్ను — ఒక్కటే.

రెండు నెలల కిందట పాట ఆగింది. కన్ను ఆరిపోయింది. మగ్గం కూడా ఎప్పుడో తప్ప పలకడం మానేసింది. సందులోవాళ్లు చందాలేసుకుని కోడిని కోసిన వారానికే ఇది జరిగింది. కాబట్టి కూర తిన్నవాళ్లంతా దెయ్యాన్ని సాగనంపింది తామేనని మీసాలు మెలేశారు.

సుదర్శన్‌కు ఈ గొడవేదీ పట్టలేదు. అతనికి పట్టిన దెయ్యం వేరు. దాని పేరు టేప్‌రికార్డర్.

యాకయ్య భార్య చిలుకమ్మ అతనికి మేనత్త. డెబ్బై నాలుగేళ్ల మనిషి. షెడ్డుకు వెనకవైపు ఇంట్లో కూతురు వాసంతి దగ్గర ఉంటుంది. కంటి ఆపరేషన్ కుదరక చూపు మసకబారింది. మగ్గం ముట్టొద్దని వాసంతి నాలుగేళ్ల కిందటే ఒట్టేయించుకుంది. సరిగ్గా రెండు నెలల కిందట అత్త సుదర్శన్‌ను పిలిపించింది.

"అల్లుడా, రెండు క్యాసెట్లు పట్టే పెద్ద సెట్టు ఒకటి తేవాలె. మీ మామది పాడైంది. పెత్తరమాస లోపలనే కావాలె."

పెత్తరమాస అంటే పోయిన పెద్దల పేరున బియ్యమిచ్చే అమావాస్య. ఆ రోజు క్యాసెట్లో పట్టి పెట్టిన మామ పాట వినాలని ముసలిప్రాణం ఆశపడుతోంది కాబోలు అనుకున్నాడు సుదర్శన్. అతని గుండె కరిగింది.

"ఏ కంపెనీది కావాలె అత్తా?"

"కంపెనీ ఎవలకెరుక? పాట ఇంటె నాకు తెలుస్తది."

అక్కడే చిక్కుకున్నాడు పాపం.

మొదటిది ఫోన్లో చూసి తెప్పించాడు. బొమ్మలో రెండు తలుపులున్నాయి. తీరా విప్పితే ఒకటే క్యాసెట్‌ది, రెండోది ఉత్త మూత. తిరిగి పంపడానికి పన్నెండు ఫోన్లు చేయాల్సి వచ్చింది.

రెండోది చౌరస్తాలో పాత సామాన్లమ్మే నర్సింగం దగ్గర దొరికింది. జపాన్ మాల్ అన్నాడు. జపానే గాని లోపల రబ్బరు బెల్టు కరిగి బంకయింది. మామ గొంతు బర్రె అరిచినట్టు సాగింది. అత్త చెవులు మూసుకుంది.

మూడోదాని కోసం నెక్కొండ దాకా పోయాడు. ఒక టెంట్‌హౌస్ ఆయన అటక మీది నుంచి దింపించి, ఎనిమిది కిలోల బరువును ఒళ్లో పెట్టుకుని రైలెక్కి వచ్చాడు. రెండు వైపులా పాడుతుంది. గొంతు గంటలా ఉంది. అత్త గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అరగంట కదలకుండా విన్నది. క్యాసెట్ అయిపోయింది. ఇంకాసేపు చెవొగ్గి కూర్చుంది... తర్వాత తల అడ్డంగా ఊపింది.

"ఇది కాదు అల్లుడా."

సుదర్శన్‌కు ఒళ్లు మండింది. "ఏం గాదు? రెండు క్యాసెట్లున్నయి, పాట మంచిగొస్తాంది, ఇంకేం గావాలె? నోరిప్పి చెప్పొచ్చు గదా!"

అత్త వంటింటి వైపు చూసింది. అక్కడ వాసంతి ఉంది. "వద్దులే బిడ్డా. నీకెందుకు ఫికర్" అని గొణిగింది.

అరిచినందుకు సిగ్గు, చెప్పనందుకు కోపం. పెత్తరమాసకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

ఆ కోపమంతా తీసుకెళ్లి నర్సింగం మీద కుమ్మరించాడు. నర్సింగం బీడీ ఆర్పి ఒకే మాట అడిగాడు. "ముసలమ్మ వద్దనుడు పాట నడువంగనా, ఒడిసినంకనా?"

"ఒడిసినంకనే."

"గంతే మరి. ఒకటి ఒడవంగనే రెండోది దానంతటదే పాడాలె. లేసి మీట నొక్కుడు ఆమెతోని కాదు. అసొంటి సెట్టు చూసి పెడత, పో."

రెండు నెలలు సెట్ల రంగు చూశాడు, గొంతు చూశాడు, బరువు మోశాడు. ఆ ఒక్కటి మాత్రం చూడలేదు. తన తలకాయ మీద తనకే చిరాకేసింది.

అమావాస్యకు ముందు రోజు సాయంత్రం నర్సింగం కబురు పంపాడు. సుదర్శన్ అక్కడే రెండుసార్లు ఆడించి చూసి, సెట్టును భుజానికెత్తుకున్నాడు. కొత్తవాడ చేరేసరికి పది దాటింది. అత్త ఇంటికి పోయే రోడ్డును మోరీ కాలువ కోసం అడ్డంగా తవ్వి పెట్టారు. ఇక మిగిలింది ఒక్కటే దారి...

షెడ్డు సందు.

వీధి లైటు లేదు. నాలుగడుగులు వేశాడు. కుక్క కూడా లేదు. ఇంకో నాలుగు...

టక్... ధబ్...

కాళ్లు ఆగిపోయాయి.

టక్... ధబ్...

తాళం తలుపుకు అలాగే వేలాడుతోంది. లోపల మగ్గం ఆడుతోంది. దాంతోపాటు సన్నగా, వణుకుతూ ఒక పాట... మామ పాటే. కానీ గొంతు మగగొంతు కాదు. ఆడగొంతు!

మగదెయ్యాన్ని పంపిస్తే పెండ్లాన్ని తోలిందా? నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పరుగెత్తాలనే ఉంది. కానీ భుజం మీద రెండు నెలల తిప్పలుంది. దెయ్యం పట్టుకుంటే పట్టుకోనీ గాని సెట్టు మాత్రం కింద పడొద్దు. దాన్ని రెండు చేతులా పొదువుకుని గోడకు అతుక్కుపోయాడు.

మగ్గం టక్కున ఆగింది.

"ఎవలది..."

సుదర్శన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. చెప్పు టపీమని చప్పుడైంది.

"సుదర్శనమా? ఆ చెప్పులు నీయే గదా... లొల్లి చెయ్యకు. ఎనుకకెల్లి రా."

అత్త గొంతు!

గోడ పక్క సందులోంచి వెనక్కి పోతే, ఇంటి పెరట్లోకి షెడ్డుకు ఇంకో తలుపుంది. సందులో జనమంతా పదకొండేళ్లుగా ముందున్న తాళాన్నే చూశారు! లోపల మసక చీకట్లో, నేలలోని గుంటలోకి కాళ్లు దించి నేసే గుంట మగ్గంలో చిలుకమ్మ కూర్చుని ఉంది. పక్కన మామ పాత సెట్టు. ఇన్నాళ్లూ జనాన్ని హడలగొట్టిన ఎర్ర కన్ను దాని దీపమే.

"అత్తా... దెయ్యానివి నువ్వా?"

"మెల్లగ. మగ్గమాడితె దెయ్యమనుకుంటది గాని, మాటింటె వాసంతి లేస్తది." అత్త గుసగుసగా అన్నది. "ఏటేటా మీ మామకు బియ్యమిచ్చేటప్పుడు కింద పరిచేది నా చేతి జంపఖాననే. దుకాణంల కొన్న అని చెప్తాన. రేపటికి ఇంకా మూరెడు నేసుడుంది. తెగిన పోగున్నదాన్ని పెద్దలకు పరచొద్దు. సెట్టు లేక మూడుసార్లు ఇప్పి నేసిన బిడ్డా... కండ్లు కనవడయి."

సెట్టుకూ తెగిన పోగులకూ సంబంధమేమిటో అతనికి అర్థం కాలేదు. ముసలిమనిషి బాధలో ఏదో అంటోంది అనుకున్నాడు. సెట్టు వైరు తగిలించాడు. ఎర్ర దీపం వెలిగింది. అత్త కొంగులోంచి రెండు క్యాసెట్లు తీసి, తడిమి చూసి, ఏది ఏ వైపో చెప్పి పెట్టించింది.

మామ పాట మొదలైంది. అత్త చేతులకు ఊపొచ్చింది. ఎడమవైపు ఖాళీగా ఉన్న రెండో మగ్గం గుంట మామది. సుదర్శన్ దాని గట్టు మీద కూర్చున్నాడు.

అరగంటకు పాట అయిపోయింది. ఒకటి... రెండు... మూడు... ఇదీ మొండికేస్తే దీన్ని మోరీలో వేసి తనూ దూకుతాడు.

క్లిక్.

రెండోది దానంతటదే తిరిగింది. అందులో పాట లేదు. రెండు మగ్గాల చప్పుడు... మామ దగ్గు... తర్వాత మామ మాట, పక్కనే కూర్చుని అన్నట్టు:

"ఏమే చిలుకా... ఎడమ దిక్కు పోగు తెగింది సూడు."

అత్త చేతులు ఆగాయి. వేళ్లతో ఎడమ అంచు తడిమింది. సుదర్శన్ ఫోన్ లైటు వేశాడు.

నిజమే. ఒక పోగు తెగి వేలాడుతోంది.

"ఈ క్యాసెట్ ఎప్పటిదత్తా?" అన్నాడు.

"వాసంతి పెండ్లికి ముందుది."

"అట్లయితే ఒక్క క్యాసెట్ సెట్టు తెచ్చి ఇదొక్కటే పెట్టుకోవచ్చు గదా..."

"పాట పాడుకోకుంట మీ మామ పనిల దిగడు."

"మరి... ఇయ్యాల తెగిన పోగు ఆయనకెట్ల..."

అత్త పోగును ముడివేసి, మిగిలిన కొసను పళ్లతో కొరికింది. మళ్లీ మగ్గం మీద చెయ్యేసింది.

"రోజు గదే మాటంటడు అల్లుడా... రోజు తెగే ఉంటది."