గొడుగు, కుక్క, పసిపాదం

పొద్దున్నే కాఫీ గ్లాసుతో కంప్యూటరు ముందు కూర్చున్న, ఫోటో ఆల్బములు కట్టే ఆవిడ గుండె గుభేలుమంది. తెర అడుగున నిన్నటిదాకా వరుసగా ఉన్న బొమ్మలు ఒక్కటీ లేవు. ఎర్ర గొడుగు లేదు, నాలుక బయటపెట్టిన కుక్క లేదు, పసిపాదం లేదు, కళ్లజోడు లేదు. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్న నీలం ఫోల్డర్లు, వాటి కింద ఇంతేసి అక్షరాలు.

"ఎలా ఉందమ్మా?" అంటూ కూతురు వెనకనుంచి వచ్చి భుజాల మీద చేతులు వేసింది.

సెలవు పెట్టుకుని నిన్ననే వచ్చింది. పెద్ద ఆఫీసులో మేనేజరు. ఇంట్లో ఎవరు చెప్పులు ఎక్కడ విడవాలో కూడా తనే చెబుతుంది కాబట్టి తండ్రి దాన్ని కలెక్టరమ్మ అంటాడు.

"నువ్వు లేచేలోపు సర్దేశాను. ఆ చిన్నపిల్లల బొమ్మలన్నీ పీకేసి, పేర్లు అక్షరక్రమంలో పెట్టాను. లోపల కూడా ఫోటోలు కనబడకుండా ఒట్టి పేర్ల వరుసే పెట్టా. నీ కళ్లకి ఆనాలని అక్షరాలు పెద్దవి చేశాను."

"బాగుంది," అంది ఆవిడ. బాగుండడం నా మొహం, అనుకుంది లోపల.

ఏడాది కిందట ఆవిడ మెదడులో ఒక సన్నని నరం మూసుకుపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక మాట బాగుంది, నడక బాగుంది, చేయి బాగుంది. చదవడం ఒక్కటే పోయింది. అక్షరం కంటికి కనబడుతుంది, అదేమిటో మాత్రం అందదు. చిత్రమేమిటంటే, రాయగలదు. రాసి పెన్ను కింద పెట్టగానే తను రాసింది తనకే తెలియదు. ఈ సంగతి డాక్టరుకి తెలుసు, మొగుడికి తెలుసు. కూతురికి చెప్పొద్దని మొగుడి చేత ఒట్టు వేయించుకుంది. చెబితే కలెక్టరమ్మ ఆ పూటే పని మాన్పించేస్తుంది.

ఆ పనే ఆవిడ ప్రాణం. వేల ఫోటోల్లోంచి ఏరి, పేజీలు కట్టి, చూసినవాళ్లు కళ్లు తుడుచుకునే ఆల్బములు చేస్తుంది. "పేర్లు చదవలేకపోతే పోయె, మొహాలు చదవగలను కదా!" అని ఆవిడ అన్ననాడు, బస్సు డ్రైవరుగా రిటైరైన మొగుడు కుస్తీ పట్టి ఒక ఉపాయం నేర్చుకున్నాడు. ఫోల్డరు వివరాలు తెరిచి, మూలనున్న చిన్న నీలం బొమ్మ నొక్కి, దానిమీద ఫోటో ముక్క అంటించడం. వానలో జరిగిన పెళ్లికి గొడుగు. ప్రతి ఫోటోలోనూ దూరిన కుక్కగారి కుటుంబానికి ఆ కుక్కే. మొదటి పుట్టినరోజు బాబుకి వాడి పాదం. పోయిన మాస్టారి జ్ఞాపకాల పుస్తకానికి ఆయన కళ్లజోడు.

"ఏదమ్మా, నీ పని చేసుకో, చూస్తాను," అని కూతురు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

బాబు తల్లికి ఈ పొద్దున పేజీలు పంపుతానని ఆవిడ మాటిచ్చింది. మొగుడా, కూరగాయలకి వెళ్లాడు. అడిగితే గుట్టు బయటపడుతుంది. పాదం ఎప్పుడూ ఎడమనుంచి మూడోది. ధైర్యం చేసి మూడోది తెరిచింది. లోపల కూడా ఫోటోల్లేవు, ఒట్టి పేర్లే. ఉన్నదంతా ఎంచి, బాబు తల్లి ఫోటో చూసుకుని, పంపేసింది.

"చూశావా, ఎంత సులువో!" అని మురిసిపోయింది కూతురు.

కాఫీ చల్లారేలోపే ఫోన్ మోగింది. అవతల బాబు తల్లి. "ఆంటీ, ఇదేం పని? మా బాబు పుట్టినరోజు పేజీలు అడిగితే శవపేటికా, పూలూ పంపారు! మా అత్తగారు చూసి ఒకటే ఏడుపు!"

ఫోన్ చేతిలోనే ఉండిపోయింది. కూతురు లాక్కుని, "క్షమించండి, మళ్లీ చేస్తాం," అని పెట్టేసి తల్లివైపు తిరిగింది.

"దాని మీద మాస్టారి పేరు అంత పెద్దగా కనబడుతుంటే ఎలా తెరిచావమ్మా? ఏదీ, ఈ పక్కది ఏమిటో చదువు."

అప్పుడే సంచితో లోపలికొచ్చిన డ్రైవరుగారు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"చదవమ్మా!"

"చదవలేను. ఏడాదైంది. ఒక్క ముక్క చదవలేను," అంది ఆవిడ తలెత్తి. "చాలా?"

"అబద్ధం! పొద్దున ఫ్రిజ్ మీద నాన్నకి చీటీ అంటించావు, నేను చూశాను!"

"రాయగలను. దాంట్లో ఏం రాశానో నువ్వు చదివి చెప్పాలి నాకు."

కూతురు తండ్రిని చూసింది. ఆయన తల దించుకున్నాడు. "ఏడాది! ఏడాదిపాటు ఇద్దరూ కలిసి నాకు చెవిలో పువ్వు పెట్టారా? నేను పరాయిదాన్నా? ఇక చాలు. అందరికీ ఫోన్ చేసి అమ్మ మానేసిందని చెప్పేస్తాను. నీకేమైనా అయితే..."

"ఇందుకే చెప్పలేదు." ఆవిడ లేచి నిలబడింది. "నువ్వు భయపడతావు. భయపడి నన్ను మూల కూర్చోబెడతావు. నా నరం ఒకటి మూసుకుపోయింది తల్లీ, నేను మూసుకుపోలేదు! ఏడాదిలో ఎన్ని ఆల్బములు చేశానో మీ నాన్ననడుగు. ఒక్క తప్పు లేదు. మొదటి తప్పు ఇవాళ జరిగింది. ఎవరు సర్దాక జరిగింది?"

కూతురు తెర మీది నీలం ఫోల్డర్లవైపు చూసింది.

"తప్పు నీది కాదు, తెలియదు నీకు. దాచడం నా తప్పు, ఒప్పుకుంటాను. పని మాత్రం మానను. కాళ్లావేళ్లా పడినా మానను."

ఫోన్ తీసి, వేలితో బాబు తల్లి ఫోటో వెతుక్కుని తనే నొక్కింది.

"అమ్మాయ్, నేనే. నాకు జబ్బుచేసి చదవడం పోయింది. అందుకే ఒకటి తెరవబోయి ఇంకోటి తెరిచాను. మీ అత్తగారిని నేను క్షమించమన్నానని చెప్పు. ఇక్కడ చదివేవాళ్లున్నారు, ఇకమీదట చూపించుకునే పంపుతాను. నమ్మకం ఉంటే ఉంచు, లేకపోతే వేరేవాళ్లకి ఇచ్చుకో, ఏమీ అనుకోను."

అవతలనుంచి, "మావాడు కేకు మీద కాలేసిన ఫోటో మొదటి పేజీలోనే ఉండాలి ఆంటీ. సాయంత్రానికి పంపండి," అని వినిపించింది.

ఆవిడ ఫోన్ పెట్టేసి కుర్చీ కూతురివైపు తోసింది. "చెడగొట్టింది నువ్వు. కూర్చుని బాగుచెయ్యి."

కలెక్టరమ్మ ముక్కు తుడుచుకుంటూ కూర్చుంది. తండ్రి చెబుతుంటే లోపల ఫోటోలు మళ్లీ కనబడేలా చేసి, పైన ఒక్కో ఫోటో ముక్క అంటించింది. గొడుగు వచ్చింది, కుక్క వచ్చింది, పాదం మూడో చోటికి వచ్చింది, కళ్లజోడు దాని పక్కన కూర్చుంది. చివర ఒక్క నీలం ఫోల్డరు మిగిలింది. దాని కింద ఉన్నది తన పేరే.

"దీనికి ఏ బొమ్మ ఉండేదమ్మా? పొద్దున అన్నీ ఒకేసారి తీసేశాను, చూడలేదు."

ఆవిడ వెతికి ఒక ఫోటో చూపించింది. చేతులు కట్టుకుని, కింది పెదవి ముందుకు తోసి, ఫోటో తీయించుకోనంటే తీయించుకోనని భీష్మించుకున్న చిన్నపిల్ల.

"ఇంతకన్నా మంచి ఫోటో దొరకలేదా నీకు?" అంది కూతురు ఏడుస్తూ, నవ్వుతూ.

"నీ పేరు చూస్తే ఇప్పుడు నాకేమీ తెలియదే," అంది ఆవిడ, కూతురి పెదవి మీద వేలు పెట్టి. "ఈ పెదవి చూస్తే మాత్రం నా కడుపున పుట్టిందని తెలుస్తుంది. అంటించు. అంటించి లే, నాకు పనుంది."