అవ్వ పిలవని గురువారం

నల్లాలో నీళ్ళు సన్నగా వస్తున్నాయి. బిందె నిండేదాకా గోడకు ఆనుకుని నిలబడింది అమృతమ్మ. నిద్ర చాలక కళ్ళు మండుతున్నాయి. లోపల అన్నం ఉడుకుతోంది. అత్త సారలమ్మను ఇంకా పెరట్లోకి తీసుకెళ్ళలేదు. ఆ తర్వాత స్టవ్వులోకి గ్యాసునూనె కోసం దుకాణం ముందు వరసలో నిలబడాలి.

ముందుగదిలో ఆమె భర్త లక్ష్మీనర్సయ్య చాప మీద కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. గురువారాలు అతనికి మౌనం. తప్పనిసరైతే, పెళ్ళయి వెళ్ళిన కూతురు చిన్నప్పటి పలక మీద రాసి చూపిస్తాడు.

యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా అతను. అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం మొదలై కాలేజీలు మూతపడ్డాక తార్నాకలో ఇంటిపట్టునే ఉంటున్నాడు. మల్కాజ్‌గిరిలో సత్సంగానికి పోవడం అంతకుముందే అలవాటైంది. మొదట సిగరెట్లు మానేశాడు. తర్వాత కోపం మానేశాడు. అప్పుడు అమృతమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. ఆ తర్వాత ఒక్కొక్క పనీ మానేస్తూ వచ్చాడు. కూరగాయలు తేవడం, నీళ్ళు పట్టడం, చివరికి చూపు పోయిన తల్లిని చెయ్యి పట్టుకుని నడిపించడం కూడా.

"నాది నాది అనుకుంటెనే గద బరువు. అన్ని చూసేటోడు పైన ఉన్నడు" అనేవాడు నెమ్మదిగా. అంత నెమ్మదిగా మాట్లాడే మనిషితో ఎలా పోట్లాడాలో ఆమెకు తెలిసేది కాదు.

పనులు ముగించి నూనె డబ్బా అందుకుంది. "అత్తా, జల్దిన వస్తా. మంచం దిగకు."

"నర్సడు ఏడి బిడ్డా? సప్పుడు లేదు."

"ఆయన సప్పుడు బంద్ జేసుకొని శాన దినాలైంది" అంటూ చెప్పులు వేసుకుంది. మౌనం సంగతి ముసలామెకు ఎవరూ చెప్పలేదు. మిగతా గురువారాల్లో అత్త ఎవరిని పిలిచినా తనే పలికేది.

వరసలో ఉండగానే క్యాంపస్ వైపు నుంచి కేకలు వినిపించాయి. దుకాణం మూసేశారు. ఖాళీ డబ్బాతో వచ్చేసరికి గేటు బయట పక్కింటి శ్యామలాంబ, సారలమ్మను భుజానికి ఆనించుకుని నేల మీద కూర్చుంది. ముసలామె మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతోంది.

"పెద్దావిడ రోడ్డు మీదికి వచ్చేశారమ్మా. కొడుకుని వెతుకుతున్నారట. మీ ఆయన ఊళ్ళో లేరు కాబోలు పాపం" అంది శ్యామలాంబ.

అమృతమ్మ తలెత్తి చూసింది. లక్ష్మీనర్సయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో పలక ఉంది.

"లొల్లి ఇనబడ్డది బిడ్డా" సారలమ్మ ఇంకా వణుకుతోంది. "నర్సా, నర్సా అని గొంతు పోయేదాక పిలిచిన. పలుకలే. గా లొల్లిల ఇర్కపోయిండేమో అనుకున్న."

అత్తను పడుకోబెట్టి, గాయం కడిగి పసుపు అద్ది, అమృతమ్మ వంటింట్లోకి వచ్చింది. భర్త వెనకే వచ్చి పలక చూపించాడు. 'రేపు మాట్లాడుకుందాం.'

"నాకెందుకు? మీ అవ్వకు చూపియ్యి గా పలక."

గొంతు పెంచలేదామె. పెంచే ఓపిక లేదు.

"పిలుస్తుంటే ఇన్నవా?"

అతను తల ఊపాడు.

"ఇని గూడ కండ్లు తెరువలే?"

తల వంచుకున్నాడు.

"నువ్వు ఇడిసిపెట్టిన పనులన్ని నా నెత్తిమీదనే పడ్డయి. దేవుని నెత్తిన ఒక్కటి పడలే. నీకు బరువు దిగింది, నిజమే. దిగింది యాడికి పొయ్యిందో ఒక్కసారన్న చూసినవా?"

అతను పలక తుడిచాడు. బలపం గూట్లో పెట్టేశాడు.

మర్నాడు తల్లి మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాడు. "ఇంట్లనే ఉన్న అవ్వా. బేస్తారం మాట్లాడనని మొక్కుకున్న."

ఆమె తిడుతుందనుకుంది అమృతమ్మ. తిట్టాలని కోరుకుంది కూడా. సారలమ్మ కొడుకు మొహం తడిమి, "ఇంట్లనే ఉన్నవా, మంచిది. ఎర్కలేక నీ మొక్కుకు అడ్డమొచ్చిన" అంది.

మళ్ళీ గురువారం వచ్చింది. అతను ఎప్పటిలాగే చాప మీద కూర్చున్నాడు. అమృతమ్మ నల్లా దగ్గర నుంచి బిందెతో వస్తుంటే లోపల గ్లాసు పడి దొర్లిన చప్పుడైంది. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

సారలమ్మ మంచం మీంచి వంగి నేల తడుముతోంది. ఎవరినీ పిలవడం లేదు. దగ్గు తెర వచ్చింది. ఆ చప్పుడు కొడుక్కి వినబడకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. చిన్న ఒళ్ళు ఎగిరెగిరి పడుతోంది.

ఎప్పుడూ పరుగెత్తే అమృతమ్మ ఆ రోజు కదలలేదు. లక్ష్మీనర్సయ్య కళ్ళు తెరిచి ఉన్నాయి. తల్లినే చూస్తున్నాడు. ఉన్నట్టుండి లేచాడు.

"అవ్వా."

ముసలామె ఉలిక్కిపడింది. "ఇయ్యాల బేస్తారం గాదా? నేను పిలువలే గద బిడ్డా."

"పిలువలే అవ్వా" అంటూ కిందపడ్డ గ్లాసు తీశాడు. "అందుకే వచ్చిన."

నీళ్ళు తాగించి, చెయ్యి పట్టుకుని పెరట్లోకి నడిపించాడు. మళ్ళీ లోపలికి వచ్చి భార్య చంకలోని బిందె అందుకున్నాడు.

"మౌనం పాయె గద" అందామె.

"పోనీ. నాది గాదనుకుంటే బరువు పోతదనుకున్న. ఇంకొకల మీద పడుతదనుకోలే."

అమృతమ్మ గడప మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. ఏడుపు వచ్చింది. ఇన్నాళ్ళూ ఏడవడానికి కూడా తీరిక దొరకలేదని అప్పుడు తెలిసిందామెకు.

పెరట్లోంచి అత్త గొంతు వినిపించింది. అవసరం ఉండి పిలిచినట్టు లేదు.

"నర్సా."

"ఆఁ అవ్వా, గీడనే ఉన్న."