వాన పడే షెడ్డు

పెనుకొండ దాటి హిందూపురం రోడ్డు పట్టినాక, ఎండిపోయిన మల్బరీ తోటలో ఒక రేకుల షెడ్డు ఉంది. చీకటి పడ్డాక అటు ఎవరూ పోరు. రాత్రిపూట దాని లోపల వాన పడుతుందట. బయట నేల పొడిపొడిగా ఉంటుంది... లోపల మాత్రం వాన! మా సీమకు దారి మేఘాలకే తెలీదు, దెయ్యాలకు మాత్రం బాగా తెలిసినట్టుంది.

ఆ షెడ్డు ఉలిగప్పది. పట్టుపురుగులు పెంచేవాడు. మూడు నెలల కింద లారీ గుద్ది పోయాడు. వాన మొదలైంది ఆ తర్వాతే. వెనక గదిలో అతని తల్లీ, పెండ్లామూ ఎట్లా ఉంటున్నారో అని ఊరంతా అనుకునేది గానీ, పోయి అడిగినవాడు లేడు.

నాకిది చెప్పింది ధర్మవరం సురేంద్ర. వాడిదో వింత కళ. పాట లేదు, మాట లేదు — ఒట్టి నోటితో గాలిని, కప్పల్ని, ఎండుటాకుల్ని వినిపిస్తాడు. బెంగళూరులో జనం కళ్ళు మూసుకుని వింటారు. వాళ్ళమ్మ మాత్రం "ఎమ్మే చదివి కప్ప మాదిరి అరుస్తాండాడు" అని తల కొట్టుకుంటుంది. వాన ఒక్కటే వాడి నోటికి చిక్కలేదు. అందుకే రికార్డర్ పట్టుకుని, ఒక్కడే, ఆ షెడ్డుకు పోయాడు.

తలుపు దగ్గరికి రాగానే వినపడింది.

సర్ర్... సర్ర్... సన్నగా, తెరిపి లేకుండా.

లోపలికి చెయ్యి చాపాడు. తడి లేదు. ఫోన్ లైటు వేశాడు.

ఖాళీ అరల మధ్య ఒక ఆడమనిషి, గోడకు ముఖం పెట్టి కూర్చుని ఉంది. వాన ఆమె నోట్లోంచి వస్తోంది.

ఆమె బెదరలేదు. చేత్తోనే కూర్చోమంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా గుసగుసగా ఒక్కో ముక్క చెప్పింది.

"లైటు ఆర్పప్పా... ఉలిగప్ప పెండ్లాన్ని, ఈశ్వరిని... ఇది వాన కాదు. పురుగులు ఆకు మేసే శబ్దం."

మొగుడు పోయిన వారానికే రోగమొచ్చి పురుగులన్నీ చచ్చాయి. గుంత తీసి పూడ్చేసింది. గోడ అవతల మంచంలో అత్త హనుమక్క. కళ్ళు కనపడవు. కొడుకు పెట్టిన పురుగులు మేస్తూ వినపడితేనే ముద్ద ముడుతుంది. వినపడకపోతే పస్తే. అందుకే ఈశ్వరి పగలు కూలికి పోతుంది, రాత్రంతా ఇట్లా కూర్చుంటుంది.

"ఏడ్చినావా అక్కా?" ఉండబట్టలేక అడిగాడు.

"యాడ తీరిక?" అంది. ఆ గొంతులో బాధ కూడా లేదట.

లైటు ఆర్పబోతూ చూశాడు, ఆమె పెదవులు పగిలి ఉన్నాయి. సురేంద్ర రికార్డర్ జేబులో పెట్టేశాడు. నాలుక కొన అంగిలికి ఆనించి, ఆమెతో పాటు శబ్దం కలిపాడు. కాసేపటికి ఆమె ఆపింది. వాడు ఆపలేదు. ఆమె గోడకు ఒరిగి నిద్రపోయింది.

చాలాసేపయ్యాక... గోడ అవతల నుంచి గుసగుస.

"ఏమప్పా... కోడలు నిద్రపోయిందా?"

వాడి శబ్దం తెగింది.

"ఆపొద్దు నాయనా, లేస్తాది! నలభై ఏండ్లు పురుగులు మేపినదాన్ని నేను. ఇరవై ఐదు దినాలకు గూడు కట్టే పురుగు మూడు నెలలు మేస్తాదా?"

వాడు మళ్ళీ అందుకున్నాడు. ముసలి గొంతు ఇంకా తగ్గింది.

"అది ఇంతవరకు ఏడ్వలేదప్పా. ఈ పని కూడా లేకపోతే మొగుని ఎనకాలే పోతాదని నాకు భయం. అందుకే... నమ్మినట్టుంటా."

తెల్లవారుజామున ఈశ్వరి ఉలిక్కిపడి లేచింది. వాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అత్తకు అనుమానం రాలేదు కదా?"

"రాలేదక్కా" అన్నాడు.