ఎవరి బిడ్డ

పొద్దున్నే వంటింట్లో చంద్రమ్మ జొన్న రొట్టెలు చేస్తున్న చప్పుడు వినబడుతోంది. ముందుగదిలో ఆమె మనవరాలు సంతోషి ఒక ప్లాస్టిక్ డబ్బాకు ఫొటో అతికిస్తోంది. ఫొటోలో గోధుమరంగు ఆడకుక్క, వెనక కాలు వేలాడేసుకుని ఎటో చూస్తోంది. పేరు గంగి. ఊరి చివర రేకుల షెడ్డులో సంతోషి, ఆమె స్నేహితురాలు గీత కలిసి సాకుతున్న దెబ్బతిన్న కుక్కల్లో అదొకటి. చెరకు లారీ గుద్దింది. హైదరాబాదు తీసుకుపోయి ఆపరేషన్ చేయిస్తే కాలు నిలుస్తుందని, ఈ వారం దాటితే కాలు తీసెయ్యక తప్పదని పశువుల డాక్టరు చెప్పాడు.

సంతోషి తండ్రి జగదీశ్వర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆ డబ్బాను చూశాడు. నారాయణఖేడ్‌లో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఊళ్లో అందరికీ సారు. భార్య పోయాక ఇంట్లో మిగిలింది తల్లి, కూతురు, తను.

"ఇయ్యాల ఏడ నిలవడ్తవ్?" అని అడిగాడు.

"బస్టాండు కాడ, నాయిన."

"ఫోన్ల అడగరాదు? అందరు గట్లనే అడుగుతున్నరు గద."

"అడిగినం. చూసి ఏడుపు బొమ్మలు పెడ్తున్నరు, పైసలు పెడ్తలేరు."

"ఏడుపు బొమ్మలతోని కాలు అతుకుతదా మరి," అంది చంద్రమ్మ లోపలినుంచి.

జగదీశ్వర్ గొంతు తగ్గించాడు. "మనింట్ల ఎవలు చెయ్యి చాపలే బిడ్డా. ఎంత గావాల్నో చెప్పు, నేనిస్త. బజార్ల మాత్రం నిలవడకు."

"నువ్విస్తే గంగి నడుస్తది. దాని తర్వాత వచ్చేదానికి ఎవలిస్తరు? ఊరికి అలవాటు కావాలె నాయిన." సంతోషి రొట్టె చుట్టి చేత్తో పట్టుకుని, తింటూనే బయటికి నడిచింది.

అదే పూట జగదీశ్వర్‌కు బస్టాండు దగ్గర బస్వరాజ్ కలిశాడు. ఒకప్పుడు ఒకే బడిలో పనిచేశారు. ఇప్పుడు నాగల్‌గిద్దలో కందిచేను చూసుకుంటున్నాడు. నాగల్‌గిద్ద బస్సు రావడానికి సమయం ఉందని ఇద్దరూ చాయ్ హోటల్ ముందు బెంచీ మీద కూర్చున్నారు. అంతలో బస్సుల మధ్యనుంచి సంతోషి, గీత డబ్బా పట్టుకుని వస్తూ కనబడ్డారు. కొందరు వేస్తున్నారు. కొందరు నవ్వుతున్నారు. ఒకాయన "మనుషులకే దిక్కు లేదు" అంటూ మొహం తిప్పుకున్నాడు.

బస్వరాజ్ ఆ వైపే చూస్తున్నాడు. "సదువుకున్న పిల్ల లెక్కుంది. ఎవల బిడ్డనో, ఎరుకనా సార్ మీకు?"

ఆ మాటలో జగదీశ్వర్‌కు వెటకారం వినిపించింది.

"ఏమో, తెల్వదు," అన్నాడు.

మాట నోటినుంచి వెళ్లిపోయింది. వెనక్కి తీసుకోవడానికి ఒక్క క్షణం ఉండింది. ఆ క్షణంలో అతను చాయ్ గ్లాసులోకి చూశాడు.

సంతోషి వాళ్ల బెంచీ దాకా వచ్చింది. గీత "అంకుల్..." అనబోయింది. సంతోషి ఆమె చెయ్యి పట్టి గుంజింది. తండ్రిని ఒక్కసారి చూసి, చూపు బస్వరాజ్ వైపు తిప్పుకుని గంగి సంగతి చెప్పింది. బస్వరాజ్ వంద నోటు వేశాడు. ఇక ఊరుకుంటే బాగుండదనుకుని జగదీశ్వర్ జేబులో చెయ్యి పెట్టాడు. చేతికి పది నోటు తగిలింది.

"థాంక్యూ సార్," అంది సంతోషి, ఇద్దరికీ ఒకే గొంతుతో.

వాళ్లు వెళ్లాక బస్వరాజ్ అన్నాడు: "నోరు లేని దాని కోసం గింత మందిల నిలవడుడు అల్కగ గాదు సార్. గసోంటి బిడ్డ నాకుంటే ఊరంత చెప్పుకుందు."

జగదీశ్వర్ గ్లాసు కింద పెట్టాడు. ఇప్పుడు నా బిడ్డే అనాలంటే, తెలియదన్నది అబద్ధమని కూడా ఒప్పుకోవాలి. ఇంతలో బస్సు వచ్చింది.

సాయంత్రం ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. డబ్బా పక్కనే ఉంది. సగానికి పైగా వచ్చిందని సంతోషి చెప్పింది.

"మీ నాయిన జతగాళ్ళు, సార్లు, ఎవలన్న ఇచ్చిన్రా?" అని అడిగింది చంద్రమ్మ.

"ఇచ్చిన్రు నానమ్మ. ఒగాయన వంద, ఒగాయన పది."

"పది ఇచ్చినోడెవడే? పింఛను తింటడు, జేబులకెల్లి పదే తీస్తడు. గా నోటు గుడ చినిగిందేమో చూడు."

"తిట్టకు నానమ్మ. గాయన మంచోడే. ఏదో పరేషాన్ల ఉండె."

ఎన్నేళ్లుగానో అందరి తప్పులూ దిద్దిన మనిషి, తన తప్పును కూతురు కొంగు కింద దాస్తుంటే కూర్చుని తింటున్నాడు.

"గా పది ఇచ్చింది నేనే అవ్వా," అన్నాడు. "బస్వరాజ్ ఎవల బిడ్డ అంటే తెల్వదన్న."

చంద్రమ్మ చేతిలో గరిటె ఆగింది. "కన్నబిడ్డకు బిచ్చమేసినవా? నీ పెండ్లాం బతికుంటే ఇయ్యాల నీకు బువ్వ పెట్టకపోతుండె."

"పోనియ్ నానమ్మ."

"నీకు కోపం రాలేదా బిడ్డా?" అన్నాడు జగదీశ్వర్.

సంతోషి కంచం వైపు చూస్తూ చెప్పింది. "కోపం గాదు. నేనే సిగ్గువడ్డ. నా వల్ల నాయిన తల దించుకున్నడు అనుకున్న. గా నోటు డబ్బల పడ్డప్పుడు మాత్రం..." ఆమె కంచం పక్కకు జరిపింది. "అందరి లెక్కనే ఏసినవు నాయిన."

అతను ఎంగిలి చెయ్యి కడుక్కుని, అక్కడే, వాళ్ల ముందే బస్వరాజ్‌కు ఫోన్ చేశాడు. "పొద్దుగాల డబ్బా పట్టుకున్న పిల్ల నా బిడ్డ. తెల్వదని అబద్ధమాడిన."

అవతల బస్వరాజ్ మెల్లగా అన్నాడు: "మీ ముక్కే గద సార్ ఆ పిల్లది. దగ్గరికి రాంగనే తెలిసింది. మీరే చెప్తరేమోనని బస్సొచ్చేదాక ఆగిన."

జగదీశ్వర్ ఫోన్ పక్కన పెట్టి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. కూతురూ, బస్వరాజూ అతని పరువును అతనికంటే జాగ్రత్తగా పట్టుకున్నారు. అతను మాత్రం కూతుర్ని వదిలేశాడు. సంతోషి వచ్చి పక్కన కూర్చుంది.

"తక్కువ పడ్డది నేనిస్త," అన్నాడు జగదీశ్వర్. "రేపే తీసుకపోదాం గంగిని."

"ఇయ్యి. గని చేతికియ్యకు. డబ్బాలనే ఎయ్యి, నేనెవలో తెలిసి."

అతను వేశాడు. మరునాడు గంగి ఆపరేషన్ అయింది. కాలు నిలిచింది.

ఆ తర్వాతి వారం కల్హేర్ అంగట్లో, ఇంకో కుక్క కోసం, జగదీశ్వర్ కూతురి పక్కన డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. కూరలమ్మే కాశమ్మ అడిగింది: "గీ పిల్ల నీకేమైతది సారు?"

"నా బిడ్డ. మేమిద్దరం అడుగుతున్నం. ఉన్నంతల ఎయ్యి తల్లీ."

కాశమ్మ తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని ఒక నాణెం వేసింది. జగదీశ్వర్ ఆమెకు తల వంచాడు.

"నాయిన," అంది సంతోషి పక్కనుంచి, "డబ్బా జర పైకి పట్టు. కడుపుకు ఆనిచ్చుకున్నవు, ఫొటో కనవడ్తలేదు."

అతను డబ్బాను రొమ్ముకంటే పైకి, అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు.