పక్కింటి ఓజోన్

"రోజూ సాయంత్రం మేడెక్కి మా పెరట్లోకి చూస్తున్నది మీరేనా?"

తలుపు కొట్టలేదు, లోపలికి రావచ్చా అని అడగలేదు. మోచేతులదాకా తడిసిన చేతుల్ని నడుం మీద పెట్టుకుని, గుమ్మానికి అడ్డంగా నిలబడి అడిగేసింది ఆ అమ్మాయి.

అతను కంగారుగా లేచాడు. "నేనా? నేను చూసేది గాలినండీ!"

"గాలినా? కనిపిస్తుందా?"

"కనిపించదు. అందుకే..."

"కనిపించనిదాన్ని చూడ్డానికి బైనాక్యులర్స్ ఎందుకో?"

బైనాక్యులర్స్ ఉన్నమాట నిజమే. దూరాన పొగగొట్టాల పొగ ఎటు వాలుతోందో చూద్దామని తెచ్చుకున్నాడు. ఆ మాట ఇప్పుడు చెబితే తనకే నమ్మబుద్ధి కాదు.

"ఒక్క నిమిషం కూర్చోండి. చూపిస్తాను. ఆ తర్వాత కూడా కోపం పోకపోతే తిట్టండి."

"నిలబడే చూస్తాను. తిట్టడానికి అదే వీలు."

దేశమంతటా ఓజోన్ కొలిచే స్టేషన్లు ముప్ఫై ఒకటి ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా చిన్నది ఇది. రెండు గదులు, ఒక మేడ, మేడ మీద ఒక గొట్టం. ఆ గొట్టం పీల్చిన గాలిని కిందున్న మెషీన్ నిమిషానికోసారి కొలుస్తుంది. నెలకోసారి ఆ లెక్కలన్నీ హెడ్డాఫీసుకి పంపడం అతని ఉద్యోగం. ఆరేళ్లుగా గ్రాఫులో గీత ముప్ఫై, నలభై మధ్యే పాకుతూ వచ్చింది. అయిదు నెలల కిందట ఒక సాయంత్రం హఠాత్తుగా నూట ఎనభైకి లేచింది. అప్పట్నుంచి వారానికి మూడు నాలుగుసార్లు అదే వరస. వేళాపాళా లేదు.

అదంతా చెబుతుంటే అతని మొహం వెలిగిపోయింది. "ఓజోన్ ఆకాశంలో పైన ఉంటే మనకి గొడుగు. కింద మనం పీల్చే గాలిలో ఉంటే విషం. ఇంత ఓజోన్ ఇక్కడికి ఎలా వస్తోందంటే, పై పొర గాలి కిందికి దిగుతోంది! ఇంత కిందికి, ఇన్నిసార్లు దిగడం ఎవరూ చూడలేదు. పదిరోజుల్లో వార్షిక సమావేశం. నా పేపర్‌కి డైరెక్టర్‌గారే మొదటి స్థానం ఇచ్చారు."

ఆ అమ్మాయి స్క్రీన్ వంక ముక్కు చిట్లించి చూసింది.

"ఓజోన్ అంటే, జిరాక్స్ షాపులో వాసనొస్తుందే, అదేనా?"

"అదే! మీకెలా తెలుసు?"

"మా దగ్గర ఉందిగా."

"ఏముంది?"

"ఓజోన్. మాది వాటర్ ప్లాంట్. నీళ్లలో క్రిములు చావడానికి ఓజోన్ కలిపి క్యాన్లలో నింపుతాం. మా బోర్డు అవతలి వీధిలో ఉంది. మీకు కనిపించేది వెనక గోడే."

అతను తెల్లమొహం వేశాడు. గోడ అవతల నీలం క్యాన్లు ఇదివరకే చూశాడు. గోడౌన్ అనుకున్నాడు.

"మీరొచ్చి ఎన్నాళ్లయింది?" అన్నాడు, జవాబు వినడం ఇష్టంలేనట్టు.

"అయిదు నెలలు," అంది. అనేసి తనే నాలిక్కరుచుకుంది.

*

అయినా అతను ఒప్పుకోలేదు. పరీక్ష చేద్దామన్నాడు. మర్నాడు ఆమె అక్కడ, అతను ఇక్కడ, మధ్యలో ఫోన్.

"ఓజోన్ సార్, ఆన్ చేశాను."

అప్పటికి ముప్ఫై అయిదు. మూడో నిమిషంలో డెబ్భై. అయిదో నిమిషంలో నూట అరవై.

"ఆపండి."

గీత బుద్ధిగా కిందికి దిగింది.

"మళ్లీ ఆన్ చెయ్యండి."

"ఎన్నిసార్లండీ? డోర్‌బెల్ కొట్టి పారిపోయే ఆటలా ఉంది!"

నాలుగోసారికి అవతల నుంచి ఆమె నవ్వుతూనే ఉంది. ఇవతల అతను ఫోన్ పెట్టేశాడు. కాసేపటికి ఆమే వచ్చేసింది, గోడ చుట్టూ తిరిగి, పరుగులాంటి నడకతో. అతను కుర్చీలో కూలబడి ఉన్నాడు. అయిదు నెలల గ్రాఫులు టేబుల్ నిండా పరుచుకుని ఉన్నాయి.

ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఒక పని చేద్దాం," అంది మెల్లగా. "సమావేశం అయ్యేదాకా చెప్పకండి. నేను మా అమ్మకి కూడా చెప్పను. ఎవరికి తెలుస్తుంది?"

అతను ఆమె వంక చూశాడు. ఆశ లేదని అనలేం. ఒక్క క్షణం ఆ వేదికా, ఆ చప్పట్లూ కళ్ల ముందు ఆడాయి.

"మిగతా ముప్ఫై స్టేషన్ల వాళ్లూ నా నంబరు నిజమనుకుని లెక్కలు కడతారండీ," అన్నాడు. "అసలు తప్పు నాది. పై పొర దాకా చూశాను గానీ ప్రహరీ గోడ దాకా చూడలేదు."

అలా అంటూనే చటుక్కున లేచి నిలబడ్డాడు. "ఆగండి. గోడ దాటి, మేడ దాకా ఎక్కాకే నూట ఎనభై ఉందంటే, మీ మెషీన్ గదిలో ఎంతుంటుంది? ఆ గదిలో ఎవరైనా కూర్చుంటారా?"

"అమ్మ. క్యాన్లకి లేబుల్స్ అతికిస్తుంది." ఆమె గొంతు తగ్గింది. "మూడు నెలలుగా అమ్మకి దగ్గు. డాక్టర్ ఎలర్జీ అన్నారు. మందులు వాడుతూనే ఉంది..."

మిగతాది వినకుండానే అతను పరుగెత్తాడు. గోడ చుట్టూ కాదు, గోడ మీద నుంచే దూకాడు. చొక్కా జేబు చిరిగి మేకుకి వేలాడింది.

లేబుల్స్ అతికిస్తున్న పెద్దావిడ, ఎవరో కుర్రాడు గోడ దూకి వచ్చి "బయటికి రండమ్మా, ముందు బయటికి రండి" అని చెయ్యి పట్టుకుంటే, చేతిలో ఉన్న లేబుల్ అతని నుదుటికి అతికించింది.

"దొంగవా?"

"ఓజోనండీ!" అన్నాడు రొప్పుతూ.

"ఏ పేరైతేనేం, చెయ్యి వదులు!"

వెనకే వచ్చిన కూతురు సంగతి చెప్పాక గానీ ఆవిడ శాంతించలేదు. అతను మెషీన్ ఆపించి, కిటికీలు తెరిపించి, గొట్టం వెంబడి వెతికాడు. మిగిలిన ఓజోన్‌ని బయటికి పంపే పైపు అతుకు దగ్గర విడిపోయి ఉంది. సగం గదిలోకి, సగం కిటికీలోంచి పెరట్లోకి.

ఎండలు మండే రోజులు. ఆర్డర్లు ఒకదాని మీద ఒకటి వస్తున్నాయి. అయినా ఆ అమ్మాయి ఒక్క మాట కూడా అనకుండా ప్లాంట్ మూసేసి, పైపు మార్పించి, దాని చివర బొగ్గు ఫిల్టర్ పెట్టించే దాకా తెరవలేదు. అన్నాళ్లూ అతను డ్యూటీ అయ్యాక స్పానర్ పట్టుకుని అక్కడే ఉన్నాడు. ఆవిడ దగ్గు రోజురోజుకీ తగ్గింది. వారం తిరిగేసరికి, కుర్రాడికి స్పానర్ పట్టుకోవడం రాదని గుక్క తిప్పుకోకుండా పావుగంట చెప్పగలిగింది.

*

సమావేశంలో అతను పేపర్ చదవలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అంటుకుంది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

డైరెక్టర్‌గారు మాత్రం నవ్వలేదు. "అయిదు నెలల డేటా కొట్టేయండి," అన్నారు. "మిగతావాళ్లు నవ్వడం అయ్యాక, ఊరికెళ్లి మీ మీ గోడల అవతల ఏముందో చూసుకోండి." తర్వాత అతన్ని గదికి పిలిచారు. "ఆ స్టేషన్ ఇక అక్కడొద్దు. ఊరికి ముప్ఫై మైళ్ల అవతల కొండ మీద స్థలం ఉంది. అక్కడికి మార్చు. నువ్వే ఇన్‌ఛార్జ్."

ఆ కబురు అతనే వచ్చి చెప్పాడు. ఆమె క్యాన్లు కడుగుతోంది.

"మా వల్లేగా?" అంది తలెత్తకుండా.

"మీ వల్ల కాదు. ఎప్పటికైనా ఊరి మధ్య..."

"మంచిదేలెండి. అక్కడ ఎవరి పెరడూ అడ్డం రాదు."

ఏదో అనాలనుకున్నాడు. ఆమె కుళాయి ఇంకా పెద్దగా తిప్పింది. తనని వదిలించుకుంటోంది కాబోలు అనుకుని అతను వెళ్లిపోయాడు. వెళ్లకుండా ఒక్కసారి ఆగొచ్చుగా, అనుకుంటూ ఆమె అప్పటికే నిండిపోయిన క్యాన్‌ని నింపుతూనే ఉంది.

*

కొండ మీద మెషీన్ చక్కగా పనిచేసింది. అతనే పనిచెయ్యలేదు. మూడు వారాల్లో పదకొండుసార్లు ఆమె నంబరు తీసి, పదకొండుసార్లూ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఒక ఉదయం సన్నటి జల్లులో ట్రాలీ ఆటో ఒకటి మూలుగుతూ కొండెక్కింది. దాంట్లోంచి ఆ అమ్మాయి దూకింది. స్టీరింగ్ దగ్గర వాళ్లమ్మ!

"డ్రైవర్ సెలవు," అంది ఆ అమ్మాయి, అడక్కుండానే. "ఇక్కడ మంచినీళ్లు లేవని తెలిసి తెచ్చాం."

"నేను ఆర్డర్ ఇవ్వలేదే?"

"ఇస్తారని మూడు వారాలు చూశాను. కనీసం ఫోనైనా."

"చేద్దామనే అనుకున్నానండీ. ఆ రోజు మీరు మంచిదేలెండి అన్నారని..."

"నేను అంటే మీరు నమ్మేస్తారా? ప్రతిదీ కొలిచి చూస్తారుగా, దీన్ని చూసుకోలేదా?"

వాన ఆమె కనురెప్పల మీద నిలిచింది. అతను ఏదో గొణిగాడు.

"ఏమన్నారు?"

మళ్లీ గొణిగాడు.

"బాబూ!" ఆటోలోంచి కేక వినిపించింది. "అంత దూరం నడుపుకొచ్చింది గొణుగుడు వినడానికా? ఉండు, ఈ మోతలో ఏమీ వినపడి చావడం లేదు."

ఆవిడ ఇంజన్ ఆపేసింది.

కొండ మీద ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. తల్లీకూతుళ్లిద్దరూ అతని వంకే చూస్తున్నారు. తప్పించుకునే దారి లేదు. ఆ మాటకొస్తే తప్పించుకోవాలనీ లేదు.

"మీరు లేకపోతే నాకిక్కడ ఏమీ తోచడం లేదండీ," అన్నాడు పెద్దగా. "మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలనుంది. మీకిష్టమైతేనే."

ఆమె తల వంచుకుని బొటనవేలితో తడిమట్టిని గీరింది. తిట్టడానికి వచ్చినప్పుడు లేని సిగ్గంతా ఇప్పుడు వచ్చిపడింది.

"ఊఁ," అంది.

"ఊఁ ఏమిటే? గట్టిగా చెప్పు!" అంది వాళ్లమ్మ.

"ఇష్టమేనన్నానమ్మా!"

"ఆ. ఇప్పుడు వినిపించింది." ఆవిడ కళ్లు తుడుచుకుని, అది వాన నీరన్నట్టు ఆకాశం వంక కోపంగా చూసింది. "ఇక ఆ క్యాన్లు దించండి ఇద్దరూ. బాబూ, జాగ్రత్త. మూత ఉన్న వైపు పైకి."